పట్టుకు పనికొచ్చిన చేతులు

పోయిన నెలలో మా ఆడబిడ్డ కూతురు స్వాతి నన్ను ఆత్మకూరు బజారులో కొత్తగా తెరిచిన బ్యూటీ పార్లరుకు లాక్కుపోయింది. నిశ్చితార్థం దగ్గరపడింది కాబట్టి తాను ముఖానికి ఏవో పూతలు పూయించుకుంటూ, ఊరికే కుర్చీలో కూర్చుని ఉన్న నన్ను చూసి, "అక్కా, మా అత్త చేతులు గూడా చెయ్యి" అని అక్కడి అమ్మాయికి పురమాయించింది. వద్దంటే వినలేదు. ఆ అమ్మాయి గోరువెచ్చని నీళ్ళున్న ప్లాస్టిక్ తొట్టి నా ముందు పెట్టి, అందులో కాస్త షాంపూ వేసి, నా వేళ్ళు ముంచింది. కాసేపటికి తీసి తుడిచి, గోళ్ళ మొదట్లో చర్మాన్ని సన్నటి పుల్లతో వెనక్కి నెడదామని వంగి, ఆగిపోయింది. అరచెయ్యి తిప్పి చూసింది. మళ్ళీ బోర్లించి చూసింది. "ఏం క్రీము వాడతారాంటీ? ఈ వయసులో ఇంత మెత్తంగా ఉండాయే! నేను చేసేదానికి ఇక్కడ ఏమీ లేదు" అంది. "ఆముదం" అన్నాను. "జోకులేస్తా ఉండారు" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వస్తూ ఆటోలో స్వాతికి కొంత చెప్పాను. అది నోరు తెరుచుకుని విన్నది. నా బతుకంతా పట్టు రవికలు కుట్టడంలో గడిచింది. ఇప్పుడు తీరిక చిక్కి నాలుగు ముక్కలు రాసుకుంటున్నాను. అయినా ఆ సూది పట్టుకునే చేతులు నాకు ఎలా వచ్చాయో ఇంతవరకు ఎక్కడా రాయలేదు. మనిషికి చేతులు పుట్టుకతోనే వస్తాయి గదా అనుకుంటారు. నా చేతులు మాత్రం మా అవ్వ చేసిపెట్టింది.

మా ఊరు ఉదయగిరికీ కొండాపురానికీ నడుమ, గుట్టల పక్కన ఉంటుంది. మాది గొర్రెల కాపరుల ఇల్లు. నాయనకు ఒక మంద గొర్రెలు, నాలుగైదు మేకలు, ఇంటి పాడికి ఒక బర్రె ఉండేవి. అవిగాక కొంచెం చేను. ఆ చేలో పొగాకు వేసేవాళ్ళం. పొగాకు ఎరగనివాళ్ళకు దాని జిగురు సంగతి చెప్పాలి. పచ్చి ఆకు విరిచేటప్పుడు చేతికి అంటుకునే బంక మొదట కంటికి కనిపించదు. పొద్దెక్కేకొద్దీ అరచేతుల్లో, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద తారులాగా నల్లగా పేరుకుంటుంది. ఆ చేత్తో అన్నం కలిపితే ముద్ద చేదు. కళ్ళు నలుపుకుంటే కళ్ళు మంట. దాన్ని వదిలించడానికి ఆడవాళ్ళు ఇటుకపొడి, ఇసుక, బట్టల సబ్బు పెట్టి బరబరా రుద్దేవాళ్ళు. జిగురుతోపాటు తోలు కూడా ఊడివచ్చేది. మర్నాడు ఆ పచ్చి తోలు మీదే మళ్ళీ జిగురు. అందుకని మా ఊళ్ళో ఆడవాళ్ళ చేతులన్నీ ఒక్కలాగే ఉండేవి. ఎండిన చెరువు నేల నెర్రెలిచ్చినట్టు పగుళ్ళు, ఆ పగుళ్ళలో నలుపు, విరిగిన గోళ్ళు. పదో తరగతి అయ్యేనాటికి నా చేతులూ అంతే. ఎవరూ దాన్ని ఒక లోపం అనుకోలేదు. పని చేసే మనిషికి అలాగే ఉంటాయి అనుకున్నారు.

ఇంట్లో ఒక్క మనిషి చేతులే వేరు. అవ్వవి. నాయనకు తల్లి. వయసు మీద పడి వేలి కణుపులు ఉబ్బి వంకరపోయాయిగానీ అరచేతులు మాత్రం వెన్నపూసలాగా ఉండేవి. రోజూ మేకల పాలు పితికి, పేడ ఎత్తి, పొద్దువాలేవేళకు వాకిట్లో కూర్చునేది. పక్కన ఒక చెంబు వేడినీళ్ళు, చిప్పలో తవుడు, చిన్న కంచుగిన్నెలో ఇంట్లో కాచిన ఆముదం. తవుడు తడిపి వేళ్ళ సందులన్నీ నిదానంగా రుద్దుకుని, కడుక్కుని, కొంగుతో ఒక్కొక్క వేలూ విడివిడిగా తుడుచుకుని, అప్పుడు ఆముదం రాసుకునేది. గోళ్ళు తీసుకునే రోజుకు ఒక పద్ధతి. మంగళ, శుక్రవారాలు కాకుండా చూసుకుని, దీపం పెట్టకముందే నీరెండలో కూర్చుని, ముందు గోళ్ళను నీళ్ళలో నానబెట్టుకుని, నాయన గడ్డం గీసుకుని పారేసిన బ్లేడును సగానికి విరిచి దానితో తీసుకునేది. కొసలను నున్నటి గులకరాయి మీద రాకేది. తీసిన ముక్కలు ఆకులో చుట్టి, కోళ్ళు తినకుండా దిబ్బలో పూడ్చేది. ఎవరన్నా ఆ సోకు చూసి నవ్వితే, "సోకు గాదు బో. గరుకు చెయ్యి పెడితే మేక తంతాది. గోరు పెంచుకుంటే గొర్రె కడుపులో పిల్లకు గీసుకుంటాది" అనేది. మందలో ఏ గొర్రె ఈనలేక అవస్థ పడినా నాయన అవ్వనే పిలిచేవాడు. ఆముదం వాసన, తవుడు వాసన, దాని వెనకే గొర్రెల దొడ్డి వాసన కలిస్తే అది నాకు అవ్వ వాసన. ఈ వయసులో కూడా ఆముదం కాగుతున్న ఇంటిముందు నుంచి పోతే నా కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి.

నాకు చదువుకన్నా కుట్టు మీద మనసు. మా ఊళ్ళో ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి పట్టు రవిక చూశాను. చేతుల అంచు మీద జరీ ఎక్కడా ముడతపడకుండా, ఎక్కడ కుట్టారో తెలియకుండా ఉంది. ఎవరు కుట్టారని అడిగితే ఆత్మకూరులో ఆపా అన్నారు. ఉర్దూలో ఆపా అంటే అక్క. ఆమె అనుమసముద్రంపేట నుంచి ఆత్మకూరుకు కాపురానికి వచ్చిన సాయిబుల ఆడమనిషి. ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని పట్టు రవికలు మాత్రమే కుట్టేది. జలదంకి నుంచి కూడా పెళ్ళివాళ్ళు ఆమెను వెతుక్కుని వచ్చేవాళ్ళు. మా మేనమామ ఇల్లు ఆమె పక్కవీధిలోనే. ఆయన ఒక మాట చెప్పిపెట్టాడు. ఆకు విరవడం మొదలైన రోజుల్లో అమ్మా నేనూ బస్సెక్కి ఆత్మకూరు పోయాం. ఆపా నన్ను కూర్చోబెట్టి సూదిలో దారం ఎక్కించమంది. ఎక్కించాను. పాత గుడ్డ మీద వరసకుట్టు వెయ్యమంది. వేశాను. బాగుందంది. ఇక చేరిపోయినట్టే అనుకున్నాను. అప్పుడు బల్ల మీదున్న వంకాయరంగు పట్టుముక్క తీసి నా అరచేతి మీదుగా మెల్లగా లాగింది. గరగరమంది. సగంలో ఆగింది. చూస్తే నా బొటనవేలి పక్కన పగులుకు ఒక పోగు తగులుకుని, గుడ్డ మీద సన్నటి గీత పడింది.

ఆపా కోప్పడలేదు. ఆ పోగును సూదిమొనతో సర్దుతూ, "చూసినావా పిల్లా? ఇది ముక్క గుడ్డ గాబట్టి సరిపాయె. పెళ్ళికూతురి రవికైతే ఏం జెప్పేది నేను? పట్టు మీద చెయ్యి పోతా ఉంటే నీళ్ళు పోయినట్టు పోవాల" అంది.

"పొగాకు పనమ్మా. మా చేతులు అట్టనే ఉంటాయి" అంది అమ్మ.

"నీ పిల్లలో ఇంకేం లోపం లేదమ్మా. చూపు బాగుండాది, ఆశ ఉండాది. చేతులే. ఉగాది అయినాక పెళ్ళిళ్ళు మొదలైతాయి. అప్పటికి ఈ చేతులు బాగుజేసుకొని రా, నేర్పిస్తా. బాగుగాకుంటే రాబాక. నేనేమీ అనుకోను."

తిరుగు బస్సెక్కాం. నేను కిటికీ వైపు తిరిగి, ఎవరూ చూడకుండా నా అరచెయ్యిని చీర అంచు మీద, సీటు రెగ్జిను మీద రుద్ది రుద్ది చూసుకున్నాను. ప్రతిదానికీ తగులుకుంటోంది. ఉగాది అంటే ఆకు పని అయిపోయే రోజులు. అంటే జిగురులో చేతులు పెడుతూనే చేతులు బాగుచేసుకోవాలి.

ఇంట్లో చెబితే నాయన ఇంతెత్తున లేచాడు. "ఆకు చేలో మాగిపోతా ఉంటే చేతులు దాచుకొని కూర్చుంటావా? పట్టుగుడ్డ కోసరం పంటను ఇడిచిపెట్టాల్నా?" నాయన చెడ్డవాడు కాదు. ఆయన మందతో గుట్టకు పోతే చేలో ఉండేది మేము ముగ్గురమే. నేను తప్పుకుంటే ఆ భారం అమ్మ మీద, అవ్వ మీద పడుతుంది. అది నాకూ తెలుసు. నేను తల దించుకున్నాను. అవ్వ మాత్రం గడపలో కూర్చున్నచోటు నుంచి కదలకుండా, "ఒరే పెంచలయ్యా, పని మానుకుంటదని ఎవురు జెప్పినార్రా నీకు? పని జేస్తానే చేతిని కాపాడుకుంటది. నేను కాపాడుకోలా?" అంది. నాయన గొణుక్కుంటూ లేచిపోయాడు. మర్నాటి నుంచి నా చేతులు అవ్వ సొత్తు అయ్యాయి.

తెల్లవారి చేనుకు పోకముందే అవ్వ నా రెండు చేతులకూ ఆముదం దట్టంగా పట్టించేది. గోళ్ళ మొదళ్ళలోకి, వేళ్ళ సందుల్లోకి పోయేలా వత్తేది. "ఆముదం ముందు పోతే జిగురు తోలు మీద కూచోదు, నూనె మీద కూచుంటాది" అనేది. దాని మీద పాత నూలు చీర పేలికలు వేళ్ళకు చుట్టేది. సాయంత్రం ఇటుకపొడి ముట్టనిచ్చేది కాదు. నానబెట్టిన చింతపండు గుజ్జులో తవుడు కలిపి రుద్దితే జిగురు ముద్దలు ముద్దలుగా లేచి వచ్చేది. తర్వాత కుంకుడు రసం కలిపిన వేడినీళ్ళు. తడి ఆరకముందే, ఉదయగిరి కొండ మీద తేనె తీసేవాళ్ళు ఇచ్చిన మైనాన్ని నువ్వులనూనెలో కరిగించి చేసిన లేపనం పగుళ్ళలో కూరేది. మొదట్లో ప్రాణం పోయేంత మంట. గోళ్ళు కొరికే అలవాటుండేది నాకు. వేపాకు నూరి గోళ్ళకు పూసేది. నోట్లో పెట్టుకుంటే చేదు. గోళ్ళు చీలిపోకుండా వారానికొకసారి గోరింటాకు. చేతులు ఎర్రగా పండితే ముచ్చటగానే ఉండేదిగానీ అవ్వకు రంగుతో పనిలేదు. "గోరు గట్టిపడాల, తోలు మెత్తబడాల. రెండూ కావాల" అనేది. ఒకసారి కుడిచేతి చూపుడువేలికి గోరుచుట్టు లేచి వేలు టెంకాయంత అయినట్టు పోటు పెట్టింది. అవ్వ నిమ్మకాయను తొలిచి టోపీలాగా ఆ వేలికి తొడిగింది. ఉప్పువేసిన వేడినీళ్ళలో పదేపదే ముంచింది. చీము పట్టేసరికి అమ్మ నన్ను ఉదయగిరి ఆసుపత్రికి తీసుకుపోయి కోయించి కట్టు కట్టించింది. ఆసుపత్రి నుంచి రాగానే అవ్వ అడిగింది ఒక్కటే: "గోరు ఉండాదా, పాయెనా?" ఉందన్నాక గానీ అన్నం తినలేదు.

ఆకు కట్టేది పెద్దరైతు బ్యారన్ దగ్గర, అంటే పచ్చి ఆకును పొయ్యి వేడికి ఎండబెట్టే కొట్టం దగ్గర, రేకుల పంచ కింద. అక్కడ నాలుగైదు ఇళ్ళ ఆడవాళ్ళం వరసగా కూర్చుని, ఆకును జతలు జతలుగా పురికొసతో కర్రలకు కట్టేవాళ్ళం. ఎండిన ఆకు వాసన, పొయ్యి గొట్టాల వేడి, నోళ్ళ నిండా ముచ్చట్లు. పేలికలు చుట్టుకుని, ఆముదం ఓడుతున్న చేతులతో నేను పోయి కూర్చునేసరికి మా ఎదురింటి కొండమ్మక్క, "వచ్చినాదమ్మా దొరసాని! ఆకును ముట్టుకుంటావా, నన్ను ముట్టుకోమంటావా?" అని మొదలుపెట్టేది. అందరూ నవ్వేవాళ్ళు. పేలికలతో కడితే ముడి త్వరగా పడేది కాదు. నా కర్ర ఎప్పుడూ వెనకే. ఆ నవ్వులకు చెవులు ఎర్రబడేవి. తీసి పారేద్దామా అనిపించేది. పక్కన అమ్మ తల ఎత్తకుండానే నా కర్ర అవతలి కొస నుంచి ముడులు వేసుకుంటూ వచ్చి నన్ను కలుపుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. విరిచిన ఆకు చేలోనే కుప్పలుగా ఉంది. తడిస్తే పనికిరాదు. పేలికలు చుట్టుకునే ఓపిక ఎవరికుంది? నేనూ ఒట్టి చేతులతో దూకాను. చినుకులు పడేలోగా ఆకంతా పంచ కిందికి చేర్చాం. పంట దక్కింది. కానీ పొద్దుగూకేసరికి నా చేతుల్లో మానుతున్న పగుళ్ళన్నీ నోళ్ళు తెరిచాయి. రక్తం కారింది. వాకిట్లో కూర్చుని ఏడ్చాను. "నాకు పట్టు వద్దు, గిట్టు వద్దు. గోనెసంచులు కుట్టుకుంటా" అన్నాను. అమ్మ ఓదార్చలేదు. పొయ్యి మీద నీళ్ళు కాగుతుంటే దించుకొచ్చి ముందు పెట్టి, "ఏడ్చేది అయిపాయెనా? అయితే చెయ్యి ఇట్టా పెట్టు" అంది. అంతే. మళ్ళీ మొదటి నుంచి.

మాఘమాసం చివరలో జరిగింది చెబుతాను. ఆ మధ్యాహ్నం నేను నాయనకు సద్ది తీసుకుని గుట్ట దగ్గరకు పోయాను. నాకు తోడు అవ్వ వచ్చింది. మంద తుమ్మచెట్ల నీడలో పడుకుని ఉంది. నాయన మాత్రం ఒక సూడి గొర్రె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అది మందలోకెల్లా మంచి జాతి గొర్రె. పొద్దుటి నుంచి నొప్పులు పడుతోందట. పిల్ల ముట్టె, ఒక గిట్ట మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. గొర్రె అరవడం కూడా మానేసింది. మెడ నేలకు వాల్చి పళ్ళు కొరుకుతోంది. నాయన చెయ్యి పెట్టబోయాడు. ఆయన చెయ్యి చేట. గోళ్ళు పగిలి ముళ్ళలాగా ఉన్నాయి. గొర్రె విలవిల్లాడింది, రక్తం కనిపించింది. అవ్వ చెయ్యి పెట్టింది. కాసేపటికి వెనక్కి తీసేసింది. కణుపులు వంగడం లేదు.

"ఇంకో కాలు వెనక్కి మడుసుకొని ఉండాది. నా ఏళ్ళు దాన్ని పట్టుకోలేవురా" అంది. నాయన తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. తల్లీ పిల్లా రెండూ పోయినట్టే అనుకున్నాడని ఆయన ముఖమే చెప్పింది. అవ్వ నా వైపు తిరిగింది. "నీ చెయ్యి సూపించు."

చాపాను. అటూ ఇటూ తిప్పి చూసింది. గోళ్ళు పొట్టిగా, కొసలు నున్నగా ఉన్నాయి. పగుళ్ళు మళ్ళీ మూతబడ్డాయి. తన రొంటిలో చిన్న సీసాలో ఎప్పుడూ ఉంచుకునే ఆముదం నా మోచేతి దాకా పోసింది. "నాకు తెలవదు అవ్వా" అన్నాను. "నీ చేతికి తెలుస్తాది. నేను చెప్తా పోతా, నువ్వు జరుపుతా పో. గొర్రె ముక్కినప్పుడు ఆగు. సడలినప్పుడు కదులు" అంది. నాయన గొర్రె తల ఒడిలో పెట్టుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. లోపల వేడి. ముట్టె పక్కనుంచి మెడ, మెడ కింద భుజం. అక్కడి నుంచి కాలు వెనక్కి పోయి ఉంది. గొర్రె ముక్కింది, ఆగాను. సడలింది, జరిపాను. మోకాలు చేతికి తగిలింది. "గిట్టను గుప్పిట్లో మూసి పెట్టుకో. అది తల్లికి గీసుకోగూడదు. ఇప్పుడు ముందుకు మడువు" అంటోంది అవ్వ గొంతు. మడిచాను. ఒక్కసారిగా ఏదో తాళం తెరుచుకున్నట్టు కాలు ముందుకు వచ్చేసింది. ఆ తర్వాత గొర్రె తానే ముక్కింది. పిల్ల నా ఒళ్ళోకి జారిపడింది. కదల్లేదు. నాయన దాని ముక్కులో ఉమ్మనీరు తుడిచి, ఎండుగడ్డితో ఒళ్ళు రుద్దితే తుమ్మింది. తల్లి తల ఎత్తి దాన్ని వెతుక్కుంది.

నాయన పిల్లను తల్లి పొదుగు దగ్గరకు చేర్చాడు. సద్ది తిని, చెయ్యి కడుక్కుని, వెళ్ళబోతున్న నన్ను ఆపి, "అమ్మా రవణమ్మా, రేపటి నుంచి నువ్వు చేలోకి పోబాక. పంచ కింద కట్టేది మాత్రం కట్టు. ఆకు నేను ఇరుస్తా. మంద పొద్దున కాసేపు దొడ్లో ఉంటే ఏం బోదు" అన్నాడు. కూతురిని అమ్మా అని పిలవడం ఆయనకు అలవాటు లేదు. ఆ మర్నాడు పొద్దున్నే ఆయన పంచె ఎగగట్టి చేలోకి దిగడం ఊరంతా చూసింది.

గొర్రె సంగతి నాకంటే ముందే బ్యారన్ చేరింది. నేను పోయి కూర్చునేసరికి ఎవరూ నవ్వలేదు. కొండమ్మక్క తన కర్ర పక్కన పెట్టి వచ్చి నా చెయ్యి పట్టుకుని, పేలిక విప్పి, వేలితో తడిమి చూసింది. "ఏమే, నిజంగానే మెత్తబడినాయే! మీ అవ్వ ఏమన్నా ఇస్తాదా మాక్కూడా?" అంది. రాత్రుళ్ళు పగుళ్ళ మంటకు నిద్రపట్టదని, చంటిబిడ్డకు నూనె రాస్తే చేతి గరుకుకు వాడు ఏడుస్తాడని అప్పుడు చెప్పింది. అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదట. ఆ సాయంత్రం అవ్వ ఆముదం గిన్నె చేతపట్టుకుని తానే బ్యారన్ దగ్గరికి వచ్చింది. పెద్దరైతు అక్కడే కుర్చీ వేసుకుని ఉంటే ఆయన ముందు నిలబడి, "అయ్యా, నీ ఆకుకు మచ్చ పడకుండా చూస్తావు. ఆకు కట్టే చేతుల సంగతి చూడవా? రోజూ పని దిగే యాళకు ఒక కాగు ఏడినీళ్ళు, చింతపండు, ఆముదం ఇక్కడ పెట్టించు. పొయ్యి ఎట్టాగూ మండతానే ఉండాది గదా" అంది. ఆయన ఆడవాళ్ళ వైపు చూశాడు. అందరూ కర్రలు దించి ఆయన వైపే చూస్తున్నారు. "పెట్టిస్తాలే పెద్దమ్మా, దానికేముంది" అన్నాడు. పెట్టించాడు. ఆ సీజను చివరి రోజుల్లో సాయంత్రమైతే ఆ పంచ కింద ఆడవాళ్ళంతా కాగు చుట్టూ కూర్చుని ఒకరి చేతులు ఒకరు రుద్దుకుంటుంటే, దోవన పోయే మగవాళ్ళు ఏదో పేరంటం అనుకునేవాళ్ళు.

ఉగాది వెళ్ళాక అమ్మా నేనూ మళ్ళీ ఆత్మకూరు పోయాం. ఆపా మిషను మీద ఉంది. మమ్మల్ని గుర్తుపట్టి, ఒక పట్టుముక్క తీసింది. ఈసారి ఆకుపచ్చ. నా అరచేతి మీద వేసి లాగింది. చప్పుడు లేదు. బోర్లించి వేళ్ళ మీదుగా లాగింది. గోళ్ళ కొసల మీదుగా లాగింది. గుడ్డ జారి నేల మీద పడింది. ఆపా దాన్ని తీసుకుని మళ్ళీ లాగింది, నమ్మలేనట్టు. "పొగాకు మానేసినావా?" అంది. "లేదు ఆపా, కట్టినాను" అన్నాను. "మరి ఎవరు జేసినారు ఇట్టా?" "మా అవ్వ. మా అమ్మ."

ఆపా అమ్మ వైపు చూసింది. "నీ చెయ్యి ఇట్టా ఇయ్యమ్మా" అంది. "నాదేంది, నేనేమన్నా కుట్టేదానికొచ్చినానా" అని అమ్మ వెనక్కి జరిగింది. ఆపా లేచి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని, ఆ ఆకుపచ్చ పట్టు వేసింది. అది నా చేతి మీద ఎలా జారిందో అమ్మ చేతి మీదా అలాగే జారింది. నేను అమ్మ ముఖం వంక చూశాను. నాకు లేపనం రాయడం చూశానేగానీ తాను రాసుకోవడం ఎన్నడూ చూడలేదు. "ఎప్పుడు రాసుకున్నావే?" అన్నాను. "గిన్నె అడుగున మిగిలింది పారబోస్తానా ఏంది?" అంది అమ్మ. చెబుతూనే నవ్వేసింది. ఆపా కూడా పకపకా నవ్వి, "నాకు మిషను మీద కుట్టేవాళ్ళు దొరుకుతారు. చేతిపనికి దొరకరు. హుక్కులు, కాజాలు, అంచు మడత, అదంతా మెత్తటి చెయ్యి చేయాల. తల్లీకూతుళ్ళు ఇద్దరూ రాండి. ఒక నెల ఇక్కడుండి నేర్చుకుంటే, అమ్మ ఆ తర్వాత ఇంటికి తీసుకుపోయి చేసుకోవచ్చు" అంది.

తర్వాత కథ పొడుగు. ఆపా దగ్గరే ఏళ్ళ తరబడి కుట్టి, నాకు పెళ్ళయ్యాక అదే బజారులో సొంత కొట్టు పెట్టుకున్నాను. అమ్మ చేతి కాజా అంటే ఉదయగిరి వైపు పెళ్ళివాళ్ళు పేరుపెట్టి అడిగేవాళ్ళు. అవ్వ పోయేదాకా తన చేతులు తానే చూసుకుంది. ఇప్పుడు పొగాకు తోటల్లో చేతి తొడుగులు వేసుకుంటున్నారు, మంచిదే. అంగట్లో ఎన్ని రకాల క్రీములో. నా దగ్గర కుట్టు నేర్చుకున్న పిల్లల్లో గోళ్ళకు రోజుకొక రంగు వేసుకునేవాళ్ళు ఉన్నారు, వాటినీ ముచ్చటగానే చూస్తాను. ఒక్కటి మాత్రం మారింది. ఆ రోజుల్లో ఒక ఆడపిల్ల తన చేతులు చూసుకుంటే అది సోకు. పని ఎగ్గొట్టే ఎత్తు. ఆ నిందను మొదట దాటితేనే ఆముదం గిన్నె ముట్టుకోవాలి. ఇప్పటి పిల్లలు ఎవరినీ అడగరు. అది చూస్తే మేము గెలిచింది మాకొక్కళ్ళకే కాదనిపిస్తుంది.

ఉగాది వెళ్ళాక పోయిన ఆ రోజు, ఆత్మకూరు నుంచి మేము ఇల్లు చేరేసరికి నాయన మందను దొడ్డికి తోలి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అవ్వ ఆయన పక్కనే. "ఏమన్నాదా యమ్మ?" అని నాయన అడిగాడు. నేను నోరు తెరిచేలోగా అమ్మే, "ఇద్దర్నీ రమ్మన్నాది. నెల రోజులు అక్కడే ఉండాల" అంది. నాయన అర్థం కానట్టు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అర్థమయ్యాక మీసం కింద నవ్వు దాచుకోలేకపోయాడు. దాన్ని కప్పిపెట్టడానికి గొంతు పెంచి, "ఇద్దరూ పోతే మరి నాకు కూడు ఎవురు వండేది?" అన్నాడు.

అవ్వ గోడకు ఆనుకున్నదల్లా లేచి కూర్చుంది. "నీకు చేతుల్లేవంట్రా?" అంది.

ఆ పూటే నాయన పొయ్యి ముందు కూర్చున్నాడు. సంగటి ఆయనే గెలికాడు. ఉండలు కట్టింది. అడుగంటింది. మాడువాసన వీధి చివరి దాకా కొట్టింది. మేము ముగ్గురం ఆడవాళ్ళం మాత్రం అడిగి మరీ రెండోసారి పెట్టించుకున్నాం.